ట్యాంకరెడు బురద

నేను మా ఊరి నీళ్ళశుద్ధి కేంద్రంలో ఆపరేటర్ని. అద్దకం మిల్లులు వాడి వదిలేసిన నీళ్ళన్నీ ముందు నా దగ్గరికి వస్తాయి, నా చేతుల మీదుగా ఏట్లోకి పోతాయి. ఉద్యోగం ఎలా ఉందని ఎవరైనా అడిగితే బాగుందనే చెబుతాను. అయితే ఆ బాగుండడం నా గొప్ప కాదు. ఒక పెద్దాయన పెట్టిన భిక్ష. ఆయన సంగతి, ఆయన ఇల్లాలి సంగతి నలుగురికీ తెలియాలనే ఇదంతా చెబుతున్నాను.

మాది రంగుల ఊరు. చిన్నా పెద్దా కలిపి తొమ్మిది అద్దకం మిల్లులు ఉండేవి. వాటిలో పెద్దదాంట్లో నేను పందొమ్మిదేళ్ళు షేడు చూసే బల్ల దగ్గర పనిచేశాను. తానులోంచి తడిముక్క కత్తిరించి, కొనేవాళ్ళు పంపిన నమూనా పక్కన పెట్టి, రెండూ ఒకటేనా కాదా అని తేల్చడం నా పని. మా అన్నయ్య అదే మిల్లులో రంగుల మేస్త్రీ. ఏ తొట్టిలో ఏ రంగు, ఎంత వేడి, ఎంతసేపు అన్నది ఆయన చెప్పిందే వేదం. మేము అన్నాచెల్లెళ్ళమని తెలియనివాళ్ళు మా పోట్లాటలు చూసి బద్ధశత్రువులనుకునేవారు. "ఇది నీలం కాదన్నయ్యా, దెబ్బ తగిలి కమిలిన రంగు" అని నేను తాను వెనక్కి పంపితే, "నీ కళ్ళకి కామెర్లు వచ్చాయి, పోయి చూపించుకో" అని ఆయన మిల్లంతా వినిపించేలా అరిచేవాడు. ఇంటికెళ్ళాక ఇద్దరం ఒకే పళ్ళెంలోంచి వేరుశనక్కాయలు వలుచుకు తినేవాళ్ళం. ఆయన ఇంట్లోనే కింది భాగం నాది.

వాడేసిన నీళ్ళు ఎక్కడికి పోతాయని ఆ పందొమ్మిదేళ్ళలో నేను ఒక్కసారీ అడగలేదు. గోడ కింద తూము ఉంది. తూము అవతల ఏరు ఉంది. ఏరు దిగువకి పోతుంది. కొంత దూరం పోయాక సరిహద్దు గేటు, గేటు దాటితే వేరే దేశం. కంటికి కనబడకపోతే పీడ వదిలినట్టే అనుకున్నాం అందరం.

తరవాత రెండు దేశాలూ ఒకే సమాఖ్యలో చేరాయి. గేటు ఎత్తేశారు. మా బట్ట దిగువకీ, అక్కడి నుంచి ఇంకా ఎంతో దూరానికీ అడ్డూ ఆపూ లేకుండా పోవచ్చన్నారు. ఆ సంబరం నెలైనా నిలవలేదు. సమాఖ్య నీళ్ళ చట్టం వచ్చిపడింది. ఏట్లోకి వదిలే నీళ్ళు ఫలానా తేదీలోగా ఫలానా శుభ్రతకి రావాలి, రాకపోతే మిల్లులకి తాళాలే. "సంతలోకి రమ్మని తలుపు తీశారు, గడప దగ్గర చీపురు చేతికిచ్చారు" అన్నాడు అన్నయ్య.

మిల్లులన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. సమాఖ్య ఇచ్చిన సాయంతో పాత గిడ్డంగుల స్థలంలో కేంద్రం కట్టించాయి. అదే సమయంలో మిల్లుకి రంగులు చూసే యంత్రం వచ్చింది, షేడు బల్లలు తీసేశారు. నా పక్కన కూర్చునేవాళ్ళలో సగం మంది ఇళ్ళకి పోయారు. నన్ను మాత్రం, రంగు కనిపెట్టే కన్ను ఉంది కదా అని, కేంద్రంలో వేశారు. యంత్రాలమ్మిన కంపెనీ మనిషి రెండు నెలలు పని నేర్పి, ఒక లావుపాటి పుస్తకం చేతిలో పెట్టి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

కేంద్రంలో ఉన్నవాటిలోకెల్లా ముఖ్యమైనది గాలితొట్టి. నాలుగు గదుల ఇల్లంత ఉంటుంది. అడుగు నుంచి గాలిబుడగలు పగలూ రాత్రీ లేస్తూనే ఉంటాయి. అందులో కంటికి కనిపించని జీవాలు కోట్లకొద్దీ పెరగాలి. నీళ్ళలోని మురికిని తినేవి అవే. తిని, ముద్దలు ముద్దలుగా ముడుచుకుని అడుక్కి దిగుతాయి. పైన తేరుకున్న నీళ్ళు ఏట్లోకి పోతాయి. ఆ ముద్దల్నే బురద అంటారు. పేరుకి బురదే గానీ కేంద్రానికి ప్రాణం అదే. మా కేంద్రంలో గొట్టాలున్నాయి, మోటార్లున్నాయి, గోడ మీద మెరిసే దీపాలున్నాయి. ప్రాణం లేదు.

నాలుగు వారాల్లో దానంతటదే పెరుగుతుందన్నాడు కంపెనీ మనిషి. ఏడు వారాలైనా జాడ లేదు. మిల్లు నుంచి ఎర్రనీళ్ళు వస్తే తొట్టి ఎర్రగా ఉడికేది, ఆకుపచ్చ వస్తే ఆకుపచ్చగా. ఏ రంగున వచ్చాయో ఆ రంగునే ఏట్లోకి పోయేవి. ఫోను చేశాను.

"రంగునీళ్ళలో వాటికి తిండి తక్కువ మేడం" అన్నాడు. "బాగా నడుస్తున్న కేంద్రం నుంచి ఒక ట్యాంకరు బురద తెచ్చి పొయ్యండి. పాలు ఊరికే తోడుకుంటాయా చెప్పండి, తోడు వెయ్యాలి కదా."

"అలాంటి కేంద్రం దగ్గర్లో ఎక్కడుంది?"

"మీకు దగ్గరంటే దిగువ ఊళ్ళోదే."

సంఘం సమావేశంలో ఆ మాట చెబితే తొమ్మిది మిల్లుల పెద్దలూ బల్లకేసి చూశారు. గేటుకి అవతల, ఏటి ఒడ్డున ఉన్న మొదటి ఊరు అది. మేం వదిలినదల్లా ముందు చేరేది వాళ్ళకే. సంఘం కార్యదర్శి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ముప్ఫై ఏళ్ళు వాళ్ళ నెత్తిన పోసి, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడుగుతామమ్మా?" అన్నాడు. అయినా ఉత్తరం రాశాడు. జవాబు లేదు. ఇంకోటి రాశాడు. దానికీ లేదు. సమాఖ్యవాళ్ళు వచ్చి మా నీళ్ళకి చేసే మొదటి పరీక్షకి ఇక మూడు నెలలే ఉంది. ఒకరోజు పొద్దున నేనే బస్సెక్కాను.

దిగువ ఊరి కేంద్రం చిన్నది, పాతది. ఊరి మురుగు శుద్ధి చేసేది. తొట్టి గోడలకి సున్నం పెచ్చులూడిపోయింది. కానీ లోపల నీళ్ళు చిక్కటి గోధుమరంగులో, జీవంతో కుతకుతలాడుతున్నాయి. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లేసుకున్న ఒక సన్నటి ముసలాయన కర్రతో నురగ పక్కకి తోస్తున్నాడు. అక్కడి పనివాళ్ళందరూ ఆయన్ని బురద మేష్టారు అని పిలుస్తారు.

"నమస్కారమండీ. నేను ఎగువ ఊరి నుంచి..."

"తెలుస్తూనే ఉంది. నీ గోళ్ళు చెబుతున్నాయి."

చేతులు వెనక్కి దాచుకున్నాను. పందొమ్మిదేళ్ళ రంగు, ఎంత తోమినా గోళ్ళ చివర్లలో మిగిలే ఉంది. ఆయన కర్ర గోడకి ఆనించి, నన్ను ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళాడు. ఒడ్డున కట్టిన రాతిగోడ మీద చారలున్నాయి. అడుగున నలుపు, దాని మీద ఊదా, ఆపైన వెలిసిన ఎరుపు.

"మా ఆవిడ పొద్దున్నే కిటికీ తెరిచి చెప్పేది, 'ఇవాళ పైన ఆకుపచ్చ వేస్తున్నారండీ' అని. రాబోయే ఏడు జనం ఏ రంగు మీద మోజు పడతారో బట్టల కొట్లవాళ్ళకంటే మాకే ముందు తెలిసేది." ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. "నవ్వమ్మాయ్, నవ్వుతావనే చెప్పాను. ఏడవాల్సినవి చాలా ఉన్నాయి, అవి చెప్పనులే. చేపలు పట్టేవాళ్ళు వలలమ్ముకున్నారు. కుళాయి నీళ్ళు మూడుసార్లు వడకట్టినా పిల్లలకి ఒళ్ళంతా దద్దుర్లు. సరే, పని చెప్పు."

చెప్పాను. ఉత్తరాలు అందాయా అని అడిగాను.

"రెండూ నా సొరుగులోనే ఉన్నాయి. జవాబేం రాయాలో తెలియక మా ఆవిడనడిగాను. 'అంత అవసరమైతే మనిషి రారూ, కాయితమెందుకు పంపారు?' అంది. ఇప్పుడు మనిషివి వచ్చావు. పద, ఆవిడకే చెబుదువుగాని."

ఇల్లు కేంద్రానికి నాలుగడుగుల్లోనే ఉంది. ఆవిడ గుమ్మంలోకి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. ఎక్కడి నుంచి వచ్చానో ఆయన చెప్పగానే లోపలికి వెళ్ళిపోయింది. కాసేపు గిన్నెల చప్పుడు వినిపించింది. చివరికి లోపలి నుంచే అంది: "బురదేగా. ఎలాగూ పారేసేదేగా. పట్టుకెళ్ళమనండి." కూర్చోమని అనలేదు. నేనూ ఆశించలేదు.

వెనక్కి నడుస్తూ మేష్టారు చెప్పాడు. "ఇవ్వడం ఏం కష్టం కాదు. పెరిగిపోయిన బురద వారానికి రెండు ట్యాంకర్లు మేమే బయటికి పంపిస్తాం. బతికించుకోవడమే కష్టం. మీ కంపెనీవాళ్ళు ఏం నేర్పారో గానీ, ఇది మందు కాదమ్మాయ్, మంద. మందైతే వేసి మరిచిపోవచ్చు. మందని మేపాలి, నీడ చూడాలి, ఏం తింటోందో కనిపెట్టుకుని ఉండాలి. నేనూ వస్తాను. మందని పంపించి కాపరి ఇంట్లో కూర్చుంటే ఎలా?"

మరుసటి వారం తెల్లవారుతూనే ట్యాంకరు బయలుదేరింది. గాలి ఆడకపోతే బురద చచ్చిపోతుందని ఆయన ఒక చిన్న గాలిమోటారు ట్యాంకరుకి బిగించాడు. దారి పొడుగునా డ్రైవరుని నాలుగుసార్లు ఆపించి, నిచ్చెనెక్కి మూత తీసి, వంగి వాసన చూశాడు. గేటు దగ్గరికొచ్చేసరికి కాపలా గది ఖాళీగా ఉంది, కిటికీ అద్దం పగిలి ఉంది. "ఒకప్పుడు ఇక్కడ నా అన్నం డబ్బా కూడా విప్పించి చూసేవాళ్ళండీ" అన్నాడు డ్రైవరు. "ఇవాళ ట్యాంకరెడు కంపు మోసుకొస్తే అడిగే నాథుడు లేడు!" మేష్టారు కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు.

బురదని తొట్టిలో పోశాక ఆయన మూడు రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు. మొదటి రోజు ఆయన్ని 'సార్' అన్నాను. మూడో రోజుకి ఎప్పుడు మారిందో తెలియకుండానే 'బాబాయ్' అయిపోయాడు. వదిన వండిందల్లా మెచ్చుకుని తిన్నాడు. అన్నయ్య మాత్రం ఆయనకెదురుగా కూర్చోలేదు. ఆ మూడు రోజులూ మిల్లులో పని ఎక్కువుందని అక్కడే తిన్నాడు.

లావుపాటి పుస్తకంలో లేనివన్నీ నాకు ఆ మూడు రోజుల్లో తెలిశాయి. వాన పడ్డ మట్టి వాసన వస్తే మంద సుఖంగా ఉన్నట్టు. కుళ్ళిన గుడ్డు వాసనొస్తే గాలి చాలనట్టు. లీటరు గాజుగొట్టంలో తొట్టినీళ్ళు పట్టి అరగంట కదపకుండా ఉంచితే, మంచి బురద మంచు దిగినట్టు నెమ్మదిగా దిగుతుంది, పైన నీళ్ళు తేటగా నిలుస్తాయి. సూక్ష్మదర్శినిలో చూపిస్తే, సన్నటి కాడల మీద గంటపువ్వుల్లాంటివి ముడుచుకుంటూ విచ్చుకుంటూ కనిపించాయి.

"వీటి మీద ఓ కన్నేసి ఉంచు" అన్నాడు బాబాయ్. "వీళ్ళు పెళ్ళింట్లో పెద్దత్తల్లాంటివాళ్ళు. అన్నీ సవ్యంగా ఉంటేనే కనిపిస్తారు. ఏ కాస్త తేడా వచ్చినా అలిగి మాయమైపోతారు. వాళ్ళు అలిగారంటే ఏదో జరగబోతోందన్న మాట."

ఆయన వెళ్ళిన పదిరోజులకి గాజుగొట్టంలో పైభాగం తేటపడింది. ఎర్రగా వచ్చిన నీళ్ళు లేత టీ రంగులో బయటికి పోయాయి. ఆ గొట్టాన్ని గుండెకి హత్తుకుని కార్యదర్శి గదిదాకా నడిచాను. ఆయన దాన్ని కిటికీ వెలుతుర్లో పెట్టి చూసి, నా భుజం తట్టాడు.

అయిదు రోజులు కూడా గడవలేదు. పొద్దున కేంద్రం గేటు తీస్తూనే ముక్కు మండింది. తొట్టి మీద తెల్లటి నురగ మనిషెత్తు లేచింది. బ్లీచింగ్ వాసన. పరుగెత్తి సూక్ష్మదర్శినిలో చూశాను. గంటపువ్వులు లేవు. ఏదీ కదలడం లేదు. మధ్యాహ్నానికి తొట్టి బూడిద రంగుకి తిరిగింది. గాజుగొట్టంలో బురద దిగకుండా పొడి పొడిగా తేలుతూ ఉండిపోయింది.

బట్టని తెల్లబరిచే తొట్లు తొమ్మిది మిల్లుల్లో ఒక్కదాంట్లోనే ఉన్నాయి. మా అన్నయ్య మిల్లులో. ఆ నీళ్ళు వదిలే ముందు విరుగుడు మందు కలిపి రెండు గంటలు ఆగాలని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించిందే నేను.

"తెల్లతొట్లు ఎప్పుడు ఖాళీ చేశావన్నయ్యా?"

"నిన్న. ఏం?"

"విరుగుడు కలిపావా?"

"కలిపాను" అంటూ ఎడమ చెవి నిమురుకున్నాడు. చిన్నప్పుడు బెల్లం దొంగిలించి దొరికినప్పుడు కూడా ఆ చెవే నిమురుకునేవాడు.

ఆ పూట భోజనాల దగ్గర ఆయన రెండు ముద్దలు తిని ఆపేశాడు. "లారీ వచ్చి నిలబడింది" అన్నాడు కంచంలోకి చూస్తూ. "నాలుగు తొట్లు. విరుగుడు కలిపి ఆగితే లారీ వెళ్ళిపోయేది, సరుకు మిగిలిపోయేది. ముప్ఫై ఏళ్ళుగా బిరడా లాగితే పోయేవి. ఎవరూ చచ్చిపోలేదు."

"ఇప్పుడు చచ్చాయి."

"పురుగులేగా!"

"ఆ పురుగులు లేకపోతే నీ మిల్లు లేదు. నీ తొట్లు లేవు. నువ్వూ లేవు, నేనూ లేను." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆయన నిచ్చెనెక్కి వాసన చూసుకుంటూ, పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చాడన్నయ్యా. నీ లారీ కోసం ఒక్క పూటలో చంపేశావు."

వదిన గరిటె గిన్నెలో పెట్టి, "ఇద్దరూ అరిచింది చాలు. అరిస్తే చచ్చినవి లేస్తాయా? ఇప్పుడేం చేయాలో చూడండి" అంది.

ఏం చేయాలో కార్యదర్శి మర్నాడు చెప్పాడు. "మేష్టారి దగ్గరికి మళ్ళీ వెళ్ళి, కరెంటు పోయింది, గాలి ఆగిపోయింది, చచ్చిపోయాయి అని చెప్పు. అందులో అనుమానించడానికేముంది? ఊళ్ళో కరెంటు పోతూనే ఉంటుంది. మనవాళ్ళే పోసి చంపారని చెబితే వాళ్ళు రెండోసారి ఇస్తారా? పరీక్ష దగ్గరికొచ్చేసింది. ఎన్ని ఇళ్ళ పొయ్యిలు ఆరిపోతాయో ఆలోచించు." నేను ఆలోచించాను. సరేననలేదు. కాదనీ అనలేదు. ఆ మౌనానికి అర్థం ఏమిటో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

మర్నాడు బస్టాపులో అన్నయ్య నాకంటే ముందే నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"నువ్వెక్కడికి?"

"నీతోనే. అబద్ధం చెప్పాలనుకున్నావనుకో, నీకు చేతకాదు, మొహమే చెప్పేస్తుంది. నిజమే చెప్పాలనుకున్నావనుకో, అది నేను చెప్పాల్సింది."

ఇద్దరం బస్సెక్కాం. గేటు దాటాక రోడ్డు ఏటి వెంబడే పోతుంది. ఆయన కిటికీలోంచి నీళ్ళకేసి చూస్తూనే ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు ఆయన చేత్తో వదిలిన రంగులన్నీ ఆ దారినే పోయాయి. ఆయన మాత్రం ఆ గేటు దాటడం అదే మొదటిసారి.

బాబాయ్ కేంద్రంలో లేడు. ఇంటికెళ్ళాం. ఇద్దరూ ఉన్నారు. ఆవిడ గుమ్మం పక్కన నిలబడి తువ్వాలు మడతపెడుతోంది. నన్ను చూడగానే బాబాయ్ మొహం విప్పారింది. నా మొహం చూశాక ముడుచుకుంది.

"ఏమైంది?"

నేను నోరు తెరిచేలోపే అన్నయ్య ముందుకొచ్చాడు. "నేను ఈమె అన్నయ్యనండీ. రంగుల మేస్త్రీని. మీరిచ్చిన బురద చచ్చిపోయింది. నేనే చంపాను. విరుగుడు కలపకుండా నాలుగు తొట్ల బ్లీచింగ్ నీళ్ళు వదిలేశాను. తొందరలో ఉన్నానని వదిలాను. ఏమవుతుందో తెలిసీ వదిలాను. మా చెల్లెలి తప్పేం లేదు." కాస్త ఆగి, తల ఎత్తకుండానే అన్నాడు: "అంతకు ముందువి కూడా నావేనండీ. ముప్ఫై ఏళ్ళవి."

బాబాయ్ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. మాట్లాడింది ఆవిడ. చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని, ఎవరితోనో అన్నట్టు అంది.

"మా వీధిలో వాళ్ళందరం ఎన్ని అర్జీలు పెట్టామో లెక్కలేదు. పిల్లల చేతులు ఫోటోలు తీసి పంపాం. ప్రతిసారీ మీ ఊరి నుంచి ఒకే జవాబు వచ్చేది, మా వైపు ఏ లోపమూ లేదు అని. ఏరు దానంతటదే రంగు మారిందేమో అనుకోవాలి మేము." అన్నయ్యకేసి చూసింది. "నేనే చేశాను అన్న మనిషిని ఇవాళ చూశాను."

అన్నయ్య తల ఇంకా దించుకున్నాడు.

"నిలబడే ఉన్నారేం? కూర్చోండి" అని ఆవిడ లోపలికెళ్ళి రెండు గ్లాసుల మంచినీళ్ళు తెచ్చింది. అన్నయ్య గ్లాసు అందుకుని, తాగకుండా వెలుతురుకి ఎత్తి చూశాడు. రంగుల మేస్త్రీ కదా, ఏ నీళ్ళనైనా అలాగే చూస్తాడు.

"తేటగా ఉన్నాయి" అన్నాడు.

"ఈ అయిదారు రోజులుగానే తేటపడుతున్నాయి. తాగు నాయనా" అంది ఆవిడ.

తాగాడు. ఆ గ్లాసు ఖాళీ చేయడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

అప్పుడు బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "సందర్భం వచ్చింది కాబట్టి నేనూ ఒకటి చెప్పేస్తాను. చేరిన కొత్తలో నేనూ మందని చంపాను. గాలి కవాటం మూసి, తెరవడం మరిచిపోయి ఇంటికొచ్చి పడుకున్నా. మర్నాడు పైఅధికారులు అడిగితే, 'ఎగువ ఊరి రంగునీళ్ళ వల్ల' అని రిపోర్టు రాసిచ్చా."

"ఏటి నీళ్ళు మీ తొట్టిలోకి ఎలా వస్తాయి బాబాయ్? మీకు వచ్చేది ఊరి మురుగు కదా" అన్నాను.

"రావు. రానే రావు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న వేసినదానివి నువ్వొక్కదానివే. రిపోర్టు ఇప్పటికీ ఆఫీసులో ఉంది. మీ ఊరి మీద పెట్టిన అర్జీలకి సాక్ష్యంగా కూడా పంపారు."

"నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది ఆవిడ, తువ్వాలు నడుముకి బిగిస్తూ.

"చెబితే అన్నం పెట్టేదానివా?"

ముందు నవ్వింది ఆవిడే. తరవాత నేను. అన్నయ్య నవ్వబోయి, మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఆవిడ ఆయన వీపు మీద చెయ్యేసి, "ఊరుకో, ఊరుకో" అంది.

నాలుగో రోజుకి రెండో ట్యాంకరు మా ఊరొచ్చింది. ఈసారి బాబాయ్ వారం రోజులున్నాడు. అన్నయ్య ఆయన్ని మిల్లంతా తిప్పి, ఏ తొట్టిలో ఏం కలుపుతారో, ఏది ఎప్పుడు వదులుతారో ఒక్కటీ దాచకుండా చెప్పాడు. భోజనాలకి ఆయన పక్కనే కూర్చున్నాడు. అప్పటి నుంచి తొట్టి వదిలే ముందు నాకు ఫోను చేస్తాడు.

"చెల్లీ, వదలమంటావా?"

"ఆగు."

ఆగుతాడు. నా మాట మీద మా అన్నయ్య ఆగడం పుట్టి బుద్ధెరిగాక అదే చూడడం.

సమాఖ్య నీళ్ళ అధికారిణి మూడు నెలలపాటు నెలకోసారి చెప్పాపెట్టకుండా వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళింది. మొదటిసారి రంగు కొంచెం ఎక్కువుందని తేలింది, తరవాత రెండుసార్లూ నెగ్గాం. మిల్లులు నిలిచాయి. అన్నీ నిలిచాయని చెప్పలేను. చిన్నవి రెండు కేంద్రందాకా గొట్టం వేయించుకోలేక మూతపడ్డాయి. వాటిలో ఒకదాంట్లో పని దొరకబుచ్చుకున్న, షేడు బల్ల దగ్గరి నా పాత నేస్తం ఇప్పటికీ వీధిలో ఎదురైతే మొహం తిప్పుకుంటుంది. ఆమెని తప్పుపట్టలేను. ఏరు కూడా ఒక్క ఏడాదిలో బాగుపడే జబ్బు కాదు. అడుగున పేరుకున్న రంగు ఏళ్ళ తరబడి అలాగే ఉంటుందట. పైన నీళ్ళు మాత్రం నీళ్ళలాగే ఉన్నాయి.

పరీక్ష నెగ్గినందుకు సంఘం సభ పెట్టింది. సమాఖ్యకి, ప్రభుత్వానికి, కంపెనీకి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పారు. నాకూ శాలువా కప్పారు. దిగువ ఊరి మాట ఎవరూ ఎత్తలేదు. సభ అయ్యాక కార్యదర్శిని నిలదీస్తే, నిజంగానే నాలుక కరుచుకుని, "అయ్యో, అసలైనవాళ్ళనే మరిచాం కదమ్మా. పిలుద్దాం" అన్నాడు. నేను సభ వద్దన్నాను. ఇంటికి పిలుస్తానన్నాను.

ఒక ఆదివారం బాబాయ్, పిన్ని మామూలు బస్సులో వచ్చారు. అవును, ఇప్పుడావిడ నాకు పిన్ని. ముందు కేంద్రం చూస్తానంది. గాలితొట్టి మెట్లెక్కి, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని తొంగి చూసింది. మట్టివాసన కమ్మగా వస్తోంది. "మా వాటిలాగే ఉన్నాయి, ఒళ్ళు కొంచెం చేశాయి" అంది. ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే భుజాలు పట్టుకుని లేపేసింది. నేను చెప్పాలనుకుని వారం రోజులుగా కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "మీరు ఇవ్వకపోతే మేమేమైపోయేవాళ్ళం పిన్నీ" అని మాత్రం అనగలిగాను.

"ఇచ్చింది బురదేగా" అంది.

"రెండోసారి ఇచ్చింది బురద కాదు."

ఆవిడ నా చెయ్యి తీసుకుని, మెట్లు దిగేదాకా వదల్లేదు.

ఇంట్లో వదిన వంట ముగించి ఎదురుచూస్తోంది. భోజనాలయ్యాక అన్నయ్య, బాబాయ్ వరండాలో కూర్చుని విరుగుడు మందు మోతాదుల గురించి వాదనకి దిగారు. వంటింట్లో పిన్నికీ వదినకీ మాటలు కలిశాయి. మోకాళ్ళ నొప్పులతో మొదలై, అల్లుళ్ళ దగ్గరికి వెళ్ళి, ఎవరి మొగుడు ఎక్కువ మొండివాడన్న దగ్గర ఆగిపోయాయి. అక్కడ ఇద్దరూ ఒక పట్టాన తేల్చుకోలేకపోయారు. నాలుగింటి బస్సు వెళ్ళిపోయింది. నేను గడియారం వైపు చూశాను గానీ ఎవరికీ చెప్పలేదు. అయిదున్నరదీ వెళ్ళిపోయింది. ఆరు దాటాక వదిన బయటికొచ్చి, "ఇంక రేపు వెళ్దురుగానిలెండి" అని పక్కలు దులపడానికి లోపలికెళ్ళింది.